పులికాట్ నీళ్ళ మీద రెండు గొంతులు

ఒట్టు పెట్టి చెప్పమంటారా? పెడతాను. ఇదిగో, ఈ దీపం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించినా నా నోరు పడిపోనీ. మీరు నవ్వినా సరే... ఆ రాత్రి ఆ పడవలో కూర్చున్నది నేను. ఆ గొంతులు విన్నది ఈ చెవులే.

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తలు. నాకు పెళ్ళయి ఏడాది. మా ఆయన ప్రభాకరం బిట్రగుంట రైల్వేలో గుమాస్తా. మాకిచ్చిన క్వార్టర్స్‌లో రెండు గదులు. ఆ రెండు గదుల్లోనే అత్తగారు, మామగారు, ఆడపడుచులు, మరిది, మేము. రాత్రయితే ఆడవాళ్ళం లోపల, మగవాళ్ళు వరండాలో. అత్తగారి చాప గడపకు అడ్డంగా ఉండేది. ఏడాదిలో మేమిద్దరం తలుపు వేసుకుని మాట్లాడుకున్నది ఎన్నిసార్లని చెప్పను? చెబితే జాలిపడతారు.

పక్కింట్లో ఆంగ్లో ఇండియన్ డ్రైవరు భార్య ఉండేది, డైసీ అని. ఒకరోజు కుళాయి దగ్గర అడిగింది నన్ను, "హనీమూన్ ఎక్కడికి పోయినారు?" అని. ఆ మాట నేను అప్పుడే వినడం. ఆమె అర్థం చెప్పింది. బిందె సగం నిండకముందే నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ఆయన నవ్వలేదు. స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర, బొగ్గు కుప్పల పక్కన ఒక బల్ల ఉండేది. కూరలకని వెళ్ళి అక్కడ కూర్చునేవాళ్ళం. మా సంసారమంతా ఆ బల్ల మీదే.

"సింహళం పోదాం వసూ," అన్నారు. "ధనుష్కోడి దాకా నాకు రైల్వే పాసుంది. ఆడ స్టీమరెక్కితే అవతల ఒడ్డే పరదేశం."

ఇక అదే లోకం అయింది మాకు. ఆయనకు కొండ ఎక్కాలని. అక్కడొక పెద్ద కొండ ఉందట, రాత్రంతా దీపాలు పట్టుకుని ఎక్కితే తెల్లారేసరికి శిఖరం మీద ఉంటారట. అడవిలో ఏనుగుల్ని చూడాలని. నాకా... నిద్రపోవాలని.

"అంత దూరం పోయి నిద్రపోతావా?" అన్నారు.

"పోతాను. ఎవరూ లేపకుండా, పొయ్యి వెలిగించకుండా, మధ్యాహ్నం దాకా పడుకుంటాను. ఆ కొండేదో మీరెక్కి రండి."

చివరికి రాజీ కుదిరింది. ముందు కొండ. తర్వాత టీ తోటల్లో ఉండే చల్లని ఊరు. కొండ ఆయనకు, నిద్ర నాకు. రోజూ అదే మాట. రోజూ కొత్తగానే చెప్పుకునేవాళ్ళం.

ఇంట్లో తెలిసింది. అత్తగారు చెంబు నేలకేసి కొట్టారు. పెద్ద ఆడపడుచు పెళ్ళి కుదరబోతోంది. ఆ పెళ్ళయ్యేలోపు పోకపోతే ఇక సెలవూ ఉండదు, మనసూ ఉండదని ఇద్దరికీ తెలుసు. పైగా అత్తగారు అన్న మాట నిజం. "బావిలోకి తొంగి చూస్తేనే కళ్ళు తిరిగేదానివి. సముద్రం దాటతావా నువ్వు?"

అందుకే తడ వెళ్ళాం. తడ స్టేషన్లో మా ఆయన స్నేహితుడు ఉండేవాడు. పులికాట్ సరస్సు మీద ఒక పూట పడవలో తిరిగితే నా భయం పోతుందని ఆయన ఆలోచన. ఆ స్నేహితుడే పోలయ్య అనే జాలరి పడవ మాట్లాడి పెట్టాడు. పోలయ్యకు యాభై ఏళ్ళుంటాయి. తక్కువ మాటల మనిషి.

పోయేటప్పుడు ఎంత బాగుందో! తెరచాప ఎత్తగానే పడవ జారిపోయింది. నీళ్ళ నిండా గులాబీ రంగు కొంగలు. మొదట కళ్ళు మూసుకున్నాను. తర్వాత తెరిచాను. ఆ తర్వాత నవ్వాను. మా ఆయన నా ముఖం చూసి, "అయితే స్టీమరెక్కుతావన్నమాట!" అన్నారు. దీవిలో చేపల కూరతో అన్నం పెట్టారు. తిరుగు ప్రయాణానికి పొద్దు వాలింది.

అమావాస్య దగ్గర పడిన రోజులు. చీకటి ఒక్కసారిగా కమ్మింది. దారి మధ్యలో పడవ అడుగు బురదలో దిగబడింది. కదల్లేదు.

"దిగి నెట్టాల," అన్నాడు పోలయ్య.

మా ఆయన పంచె ఎగ్గట్టి దూకేశారు. "నువ్వు కదలకు వసూ. సాహసమంతా నాదే!" అన్నారు. నీళ్ళు ఆయనకు మోకాలి దాకా కూడా లేవు. ఇద్దరూ నెట్టారు... పడవ కదిలింది... అప్పుడే గాలి కొట్టింది.

తెరచాప ఫట్‌మని నిండింది. పడవ బాణంలా పోయింది. పోలయ్య అంచు పట్టుకుని వేలాడుతూ ఎలాగో పైకెక్కాడు. లాంతరు దొర్లి ఆరిపోయింది. "వసూ!" అన్న కేక ఒక్కటి వినిపించింది. అంతే. పోలయ్య తాళ్ళు విప్పి తెర దించేసరికి ఎంత దూరం వచ్చామో... ఎటు తిరిగామో... ఎవరికి తెలుసు?

గాలి ఆగిపోయింది.

"మోకాలి లోతేగా పోలయ్యా? ఆయన నిలబడే ఉంటారుగా?"

అతను పొడవాటి గెడ నీళ్ళలో దించి లోతు చూశాడు. "సముద్రం పోటు వస్తా ఉండాది అమ్మా. ఆ బురద మేట ఇంకాసేపటికి మునుగుద్ది. అయ్యకు ఈత వచ్చునా?"

రాదు. మెట్ట ఊళ్ళో పుట్టిన మనిషి. ఆయనకు ఈత రాదు.

నేను అరిచాను. ఏమండీ... ఏమండీ... అని గొంతు చీరుకుపోయేలా అరిచాను. ఏ దేవుడి పేరు వదలలేదు. నీళ్ళు పడవ పలకల కింద తపతపమంటున్నాయి. ఎక్కడో చేప ఎగిరి పడింది. కుళ్ళిన నాచు వాసన. చెయ్యి కళ్ళ ముందు పెట్టుకుంటే కనిపించడం లేదు.

అప్పుడు...

"వసూ..."

కుడి పక్క నుంచి. దూరంగా. ఆయన గొంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. పోలయ్య గెడ వేసి పడవను అటు తిప్పాడు.

"వసూ..."

ఈసారి ఎడమ పక్క నుంచి.

గెడ ఆగిపోయింది. నీటి చుక్కలు గెడ మీంచి ఒక్కొక్కటే రాలుతున్నాయి. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. టప్... టప్...

"కొండల్లో అయితే ప్రతిధ్వని అనుకుంటారు. ఇక్కడ కొండ ఏది?" అని నాలో నేనే అనుకున్నాను. మళ్ళీ కుడి నుంచి పిలుపు. అది ముగియకముందే ఎడమ నుంచి పిలుపు. ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ప్రతిధ్వని అయితే అలా పడదు.

పోలయ్య నా దగ్గరికి జరిగి గుసగుసగా అన్నాడు. "పలకబాకండి అమ్మా. ఊరికే పలకబాకండి. ఏదైనా అడగండి. అయ్యకు తెలిసింది, ఇంకెవరికీ తెలవంది."

ఏమడగను? మా ఇద్దరికీ మాత్రమే తెలిసింది ఈ లోకంలో ఏముంది? ఆ బల్ల... ఆ మాటలే.

"కొండ దిగాక..." ఆగి, గట్టిగా అరిచాను. "కొండ దిగాక ఎక్కడికి పోదామన్నారు?"

పడవ అంచు పట్టుకుని ముందుకు వంగాను.

కుడి నుంచి వచ్చింది. "టీ తోటల ఊరికి. మధ్యాహ్నం దాకా నిద్రపోతావుగా నువ్వు!"

ఏడుపొచ్చేసింది నాకు. అటు పోనివ్వమని చెప్పబోయాను. అంతలో ఎడమ నుంచి... అదే గొంతు. ఇంకా దగ్గరగా. ఇంకా మెత్తగా.

"టీ తోటల ఊరికి... ఆ తర్వాత తిరిగి రావద్దులే వసూ. అక్కడే ఉండిపోదాం."

అది ఎవరి మాటో తెలుసా? ఆ మాట నాది. గడప దగ్గర చాప చూస్తూ ఎన్నో రాత్రులు నాలో నేను అనుకున్న మాట. తిరిగి రావద్దు... అక్కడే ఉండిపోదాం... ఎవరికీ చెప్పలేదు. డైసీకి చెప్పలేదు. ఆయనకూ చెప్పలేదు.

ఎంత ఆశగా వినిపించిందో ఆ గొంతు! "ఎడమకు పోనీ పోలయ్యా," అన్నాను. నా నోరే అంది. పడవ ముక్కు ఎడమకు తిరిగింది కూడా.

మరి ఏం తట్టిందో... మా ఆయన అమ్మను వదిలి ఉండగలరా? ఎంత కలగన్నా తిరుగు రైలు లేకుండా ఆయన ఒక్క కల కనలేదు. ఆ మాట ఆయన అనరు. నాకోసమైనా అనరు.

"కాదు! కుడికి! కుడికి పోనీ!"

పోలయ్య గెడ మీద పడిపోయినట్టు తోశాడు. ఎడమ గొంతు ఊరుకోలేదు. కోపం లేదు, తొందర లేదు. "వసూ... వసూ..." అంటూనే ఉంది. మేమెంత ముందుకు పోయినా అదీ అంతే దూరంలో ఉంది. నేను రెండు చెవులూ మూసుకున్నాను.

గెడ దేనికో తగిలింది. వంగి చీకట్లో తడిమాను. మా ఆయన!

గుండెల దాకా నీళ్ళు. రెండు చేతులూ పైకెత్తి కొయ్యలా నిలబడి ఉన్నారు. పళ్ళు బిగుసుకుపోయాయి. పైకి లాగాం. చీర కొంగుతో తుడిచాను. ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఒడ్డు చేరేదాకా ఆయన నోట మాట లేదు. ఎడమ గొంతు ఎప్పుడు ఆగిందో నేను గమనించనే లేదు.

జాలర్ల పాకలో మంట వేశారు. వేడి కాఫీ తాగాక మాట వచ్చింది.

"ఎట్టా కనుక్కున్నారు నన్ను?"

"మీరు పిలిచారుగా. జవాబు చెప్పారుగా."

ఆయన నా ముఖం వైపు అదోలా చూశారు. "నేను పిలవలేదు వసూ. పడవ పోయినప్పుడు ఒక్క కేక వేసినా. ఆ తర్వాత గొంతు పెగల్లేదు. నువ్వు అడిగింది విన్నా. చెబుదామంటే మాట రాలేదు. నా పక్కనే ఎవరో చెప్పినారు... నా గొంతుతోనే."

మంటలో కట్టె చిటపటమంది.

ఎడమ వైపు ఏముందని పోలయ్యను అడిగాను. లోతు కాలువ, పోటు తిరిగితే సరస్సు సముద్రంలో కలిసే మొగలోకి లాగేస్తుందన్నాడు. అయితే ఒకటి దయ్యం, ఒకటి దేవుడా అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"రెండూ ఒకటేనేమో అమ్మా. మీరు ఎటు పోతారో చూసినాదేమో."

సింహళం వెళ్ళాం. అవును, వెళ్ళాం! ఆయన కొండ ఎక్కారు. నేను నిద్రపోయాను. మంచి రోజులవి, వాటి సంగతి ఇంకోసారి అడగండి చెబుతాను.

కానీ ఈ ఒక్క విషయం మాత్రం తేలలేదు. ఎంత చీకటైనా మెడ తిప్పి పక్కకు చూసి ఉంటే ఎవరో తెలిసేది కదండీ అని చాలా ఏళ్ళు అడిగాను. భయమేసిందనేవారు. చూడలేకపోయానని దాటేసేవారు. మంచాన పడ్డాక, పోయే ముందు ఒకరోజు తనంతట తానే చెప్పారు.

"చూడలేక కాదు వసూ... తిప్పుదామనే అనుకున్నా. తిప్పనీలేదు."

"ఎవరు?"

మెడ నిమురుకున్నారు.

ఆ పక్కనున్నది ఆయన్ని నా దాకా చేర్చిందా... లేక మునిగేదాకా ఆయన్ని అక్కడే పట్టి ఉంచిందా? ఇన్నేళ్ళయింది. నాకు తెలియదు. నిజంగా తెలియదు.