మెకానిక్ గారు ఒప్పుకున్న తప్పు

మెకానిక్ గారు పోయారన్న కబురు నాకు బడి గేటు దగ్గర తెలిసింది. పిల్లాణ్ణి దింపడానికి వచ్చిన తండ్రి ఒకాయన స్కూటరు ఆపి, "మాస్టారూ, మన మెకానిక్ పోయాడంటండి, గుండెపోటంట," అన్నాడు. నేను ఏ మెకానిక్ అన్నట్టు మొహం పెట్టాను కాబోలు, "అదేనండి, అప్పట్లో మీ స్కూలు వ్యానుకి వైరు సరిగ్గా కట్టక పిల్లల్ని వంతెన మీద ఇరికించేశాడు చూడండి, ఆయన," అని గుర్తుచేశాడు. నేను "అయ్యో" అన్నాను. ఇంతలో బెల్లు కొట్టారు. లోపలికి వెళ్ళి హాజరు తీసుకున్నాను.

ఆ వైరు కట్టింది నేను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఆయన పోయేదాకా ఆగాను.

ఆయన షెడ్డు కొవ్వూరులో, గోదావరి గట్టుకు దగ్గర్లో ఉండేది. చేపల వేట మీద బతికిన కుటుంబం వాళ్ళది. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని, ఇంకా కంటికి కనపడని ఇంజిను పడవ ఎవరిదో చప్పుడు బట్టి చెప్పేసేవాణ్ణని ఒకసారి అన్నారు. కోతలనుకున్నాను. ఆయన పని చూశాక నమ్మాను. బండి తీసుకెళ్తే ముందు స్పానరు పట్టేవారు కాదు. చేతి గడియారం, వేలి ఉంగరం తీసి చొక్కా జేబులో వేసుకుని, ఇంజిను స్టార్ట్ చేయించి, తల ఓ పక్కకి వంచి నిలబడేవారు. మనం ఏదైనా చెప్పబోతే, "ముందు విననివ్వండి మాస్టారూ. విప్పడం ఎంతసేపండి," అనేవారు. మార్చిన పాత సామాను పేపర్లో చుట్టి మన చేతికిచ్చి, "నిజంగా పాడైందో లేదో మీరూ చూసుకోవాలి కదండీ," అనేవారు. నేను ఆ పొట్లం విప్పకుండానే పారేసేవాణ్ణి.

అప్పట్లో నేను మిషన్ స్కూల్లో టెంపరరీ టీచర్ని. తెలుగు చెప్పేవాణ్ణి, పొద్దునా సాయంత్రం స్కూలు వ్యాను కూడా నడిపేవాణ్ణి. నన్ను పర్మినెంటు చేసే కాగితం బడి నడిపే కరస్పాండెంటు గారి బల్ల మీద ఉందని స్టాఫ్ రూములో అనుకునేవారు. అది కదలాలని ఆయన కళ్ళలో పడటానికి నేను చెయ్యని పని లేదు. ఆ క్రిస్మస్‌కి మా చర్చి కుర్రాళ్ళు ఇంటింటికీ పాటలకు వెళ్ళడానికి ఆ వ్యానే ఇచ్చారు. పైన కాగితపు నక్షత్రం కట్టాం. లోపల బల్బుకి కరెంటు కావాలి కదా. నేనే ముందుకొచ్చి, కింద ఇంజిను ఉండే డ్రైవరు సీటు ఎత్తి, చేతికందిన వైరు తొక్క గీకి, నక్షత్రం నుంచి దించిన నా ఎర్ర వైరు దానికి మెలిపెట్టి టేపు చుట్టాను. అది ప్లగ్గులకి నిప్పందించే ఇంజిను కాయిల్‌కి వెళ్ళే వైరని నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. నక్షత్రం బ్రహ్మాండంగా వెలిగింది, కరస్పాండెంటు గారు భుజం తట్టారు. మెకానిక్ గారి వీధికి వెళ్ళినప్పుడు ఆయన బయటికొచ్చి చూసి, "బాగుందండి. మీరే కట్టారా?" అని అడిగారు. నేనేనని గొప్పగా చెప్పాను. పండగ అయ్యాక నక్షత్రం దించి, ఎర్ర వైరు కత్తిరించేసి, ఆ ముడి అలాగే వదిలేశాను.

వానలు పడ్డాక వ్యాను మిస్సింగ్ కొట్టడం మొదలైంది. సాఫీ రోడ్డు మీద బాగానే ఉండేది. గుంటలో పడితే చాలు, దగ్గి దగ్గి ఊపిరందనట్టు లాగేది. ఓ వారం ముందే మెకానిక్ గారు సర్వీసింగ్ చేసిచ్చారు కాబట్టి, అదే సర్దుకుంటుందిలే అని నడిపాను. ఒకరోజు పొద్దున కాలవ వంతెన మీద, నిండా పిల్లలతో, ముందొక లారీ వెనకొక లారీ ఉండగా ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పిల్లలు హడలిపోయి ఏడ్చారు. వ్యాను తోయించి బడికి తెచ్చేసరికి తల్లిదండ్రులు ఆవరణ నిండా ఉన్నారు. కరస్పాండెంటు గారు మెకానిక్ గారిని పిలిపించి, అందరూ వినేలా, "దీన్ని ఎవరు చెడగొట్టారో ఇవాళ తేలాలి. వాళ్ళకీ ఈ బడికీ ఇంక సంబంధం ఉండదు," అన్నారు.

ఆయన ఎప్పటిలాగే గడియారం తీసి జేబులో వేసుకున్నారు. సీటు ఎత్తి, రెండు మూడు సార్లు ప్రయత్నించి ఇంజిను స్టార్ట్ చేయించి, అది తిరుగుతుండగా రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో ఒక్కో ప్లగ్గు వైరూ పీకి, విని, మళ్ళీ పెట్టారు. "ఒక ప్లగ్గే చస్తే దాని వైరు పీకినా చప్పుడు మారదండి. ఇక్కడ ఏది పీకినా మారుతోంది. అన్నిటికీ నిప్పు పంపేచోటే ఏదో ఉంది," అన్నారు. కాయిల్ దగ్గర టెస్ట్ ల్యాంపు తగిలించి, వైర్ల కట్ట పట్టుకుని మెల్లగా ఊపారు. ల్యాంపు మసకబారింది, ఇంజిను దగ్గింది. ఇంకోసారి ఊపారు, మళ్ళీ అంతే. వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళి నా టేపు దగ్గర ఆగారు. విప్పితే లోపల రాగి పచ్చగా చిలుం పట్టి, ముడి వదులై ఉంది. దాని పక్కనే బొటనవేలంత ఎర్ర వైరు ముక్క.

ఆయన తలెత్తి నా వైపు చూశారు. నేను జెండా స్తంభం వైపు చూశాను.

ఆ ముక్క తుంచి గుప్పిట్లో పెట్టుకుని ఆయన లేచారు. "నాదేనండి పొరపాటు. సర్వీసింగులో ఈ వైరు తీసి సరిగ్గా కట్టలేదు," అన్నారు. కరస్పాండెంటు గారు అన్న మాటలు ఇక్కడ రాయను. ఎవరో తండ్రి చెయ్యెత్తి మీదికి కూడా వెళ్ళాడు. ఆయన ఆ తిట్లన్నీ పడుతూనే వైరు కొత్తది వేసి, ఇంజిను స్టార్ట్ చేసి, తల వంచి విని, అప్పుడు వెళ్ళారు.

ఆ సాయంత్రం షెడ్డుకి వెళ్ళి, ఎందుకలా చెప్పారండీ అని అడిగాను. "మీకున్నది ఒక్క ఉద్యోగం కదండీ. నాకు ఈ బండి కాకపోతే ఇంకో బండి వస్తుంది. ఏం కంగారు పడకండి, ఆయ్," అన్నారు. ఇంజిన్ల విషయంలో ఆయన పొరబడగా నేను చూడలేదు. మనుషుల విషయంలో పొరబడ్డారు. ఇంకో బండి రాలేదు. ముందు మిషన్ స్కూళ్ళు ఆయన దగ్గరికి వ్యాన్లు పంపడం మానేశాయి, తర్వాత పిల్లలున్న ఇళ్ళవాళ్ళు మానేశారు. షెడ్డు మూసేసి, ఆ వయసులో రోజూ గోదావరి వంతెన దాటి రాజమండ్రిలో ఎవరి వర్క్‌షాపులోనో కూలికి కుదిరారు. నేను పర్మినెంటయ్యాను. నా ఇల్లూ, నా పిల్లల చదువులూ ఆయన ఇచ్చినవే. దానికి నేను ఆయనకి కృతజ్ఞుణ్ణని రాయడానికి సిగ్గుగా ఉంది. ప్రతి ఆదివారం చర్చిలో పాపపు ఒప్పుకోలు ప్రార్థన అందరితో కలిసి గట్టిగా చదివేవాణ్ణి. అందరూ కలిసి చదివితే ఎవరి తప్పేంటో ఎవరికీ తెలియదు, అదొక సుఖం.

పదకొండో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్యతో, "అమ్మా, ఆ వైరు..." అని మొదలుపెట్టాను.

"తెలుసండి," అన్నారావిడ. "ఆ రోజే చెప్పారు. మాస్టారికి ఉద్యోగం ఖాయమైతే ఆయనే నలుగురిలో చెప్తారు చూడు అనేవారు. మీకు కాగితం వచ్చిందని తెలిసిన రోజున స్వీటు తెచ్చారండి. ఇంక మన షెడ్డు తెరుద్దాం అన్నారు."

ఉన్నదున్నట్టు పత్రికకి రాస్తానమ్మా అన్నాను. ఆవిడ, "రాయండి. ఆయన పేరు మాత్రం వెయ్యకండి. చదివినవాళ్ళకి మీరు చేసింది గుర్తుండదండి. ఆయన పేరూ, ఆ వైరూ, ఈ రెండే గుర్తుంటాయి," అన్నారు. అందుకే ఇందులో ఎక్కడా పేరు లేదు.

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే ఆవిడే మళ్ళీ అన్నారు. "ఆదివారం మీ చర్చి వదిలే టైముకి ఈ అరుగు మీదే కూర్చునేవారండి. ఎండ మొహాన కొడుతున్నా లేచేవారు కాదు."

నాకు తెలుసు. చర్చి నుంచి ఆ వీధిలోనే మోటారు సైకిలు మీద వెళ్ళేవాణ్ణి. ఆయన చెయ్యెత్తేవారు, నేనూ చెయ్యెత్తేవాణ్ణి. సరిగ్గా వాళ్ళింటి ముందు రోడ్డు మీద ఒక గొయ్యి ఉంది, అక్కడ ఎవరైనా బండి నెమ్మది చెయ్యాల్సిందే. నేను మాత్రం దాని పక్కన జానెడు జాగా కనిపెట్టి, వేగం తగ్గించకుండా పోవడం నేర్చుకున్నాను.