మారీశ్వరి కూతురి గడగడ చదువు

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో మారీశ్వరి పనికి వంక పెట్టేవాళ్లు లేరు. చదువు దగ్గరికొస్తే మాత్రం అక్షరం ముక్క రాదు. మూడో తరగతి చదివే కూతురు సంగవికి కూడా ఆ సంగతి తెలియనివ్వలేదు, మహాతల్లి!

సంగవి వెనకబడిందనీ, రోజూ అరగంట పక్కన కూర్చుని చదివించాలనీ సెల్వలక్ష్మి టీచరు కబురు పెట్టింది. సంగవి తరగతిలోనే ఉన్న బ్యాంకు ఉద్యోగి కూతురు సింధుజకైతే ట్యూషన్ ఉంది, కూర్చోబెట్టి చదివించే తల్లీ ఉంది. మారీశ్వరికి ఉన్నది సాయంత్రాలు ఇంటికి తెచ్చుకుని పెట్టెలు అతికించే పని. ఆ కూలితోనే కూరా నూనే. కూతురు బాగుపడితే చాలని ఆ పని మానేసి, పెద్ద చదువరిలా ముఖం పెట్టి పక్కన కూర్చుంది.

సంగవి అరవ పాఠాలు గడగడా చదివేసింది. రోజుకో నక్క, రోజుకో రాజు. మారీశ్వరి పొంగిపోయి ఆ కథలన్నీ కంపెనీలో చెప్పేది. తనతో పనిచేసే పెరియనాయగికి బావిలో పడ్డ నక్క కథ తెగ నచ్చింది.

"ఆ నక్క బయటికి వచ్చెనా లేదా? బిడ్డనడిగి రా మారీ" అంది.

సాయంత్రం మారీశ్వరి మళ్లీ అదే బొమ్మ ఉన్న పేజీ చదవమంది. ఈసారి నక్క మేళతాళాలతో పెళ్లికి పోయింది.

"ఏమే, నిన్న బాయిలో పడిన నక్క ఈపొద్దు పెండ్లికెట్ల పోయె?"

సంగవి గుడ్ల నీళ్లు కుక్కుకుంది. "నాకు చదవను రాదుమా. నువ్వు పని ఇడిసిపెట్టి కూసుంటివి. రాదని ఎట్ల చెప్పేది?"

పది రోజులుగా తిన్న చప్పిడి కూడు గుర్తొచ్చి మారీశ్వరి దాని వీపు చీరేద్దామనుకుంది. కానీ కూతురి మాటకు గుండె నీరైంది.

"నాకూ రాదే పాపా" అనేసింది.

మర్నాడు బడి దగ్గర తోటి తల్లులందరి ముందూ, తమ ఇద్దరికీ చదవడం రాదని టీచరుకు ఉన్నమాట చెప్పేసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. టీచరు నవ్వలేదు. బడి అయ్యాక రోజూ సంగవిని తన దగ్గరే ఉంచుకుంది. సంగవి చెప్పిన కథలే బోర్డు మీద రాసి, ఒక్కో అక్షరం పట్టించింది.

వారం తర్వాత మారీశ్వరి కూతురి కోసం వచ్చేసరికి, సంగవి అక్షరం కింద వేలు పెట్టి చదువుతూ ఒకే వాక్యంలో మూడు చోట్ల ఆగిపోయింది. పక్కన తల్లి కోసం ఎదురుచూస్తున్న సింధుజ కిసుక్కుమంది.

"నవ్వొద్దు పాపా" అంది మారీశ్వరి, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "గడగడా చదివినప్పుడంతా అబద్దం. ఇప్పుడే నా బిడ్డ నిజంగా చదవతాండాది."