బొమ్మలింటి బ్యాటరీ

బొమ్మలిల్లు కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, మా పెద్దమ్మాయి కోసం. దానికి ఆరేళ్ళు. పెట్టె తెరిచాక నాకు భయం పట్టుకుంది. పల్చటి చెక్కలు, వాటిలోంచి ఊడదీయాల్సిన లెక్కలేనన్ని ముక్కలు, అంగుళం కుర్చీలు, ఒక జిగురు సీసా, మాటల్లేకుండా బొమ్మలతోనే ఉన్న పుస్తకం. డిగ్రీలో ల్యాబ్ రికార్డు రాసినంత శ్రద్ధగా ముక్కలన్నీ నంబర్ల వారీగా ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో సర్దాను. "ఏదీ ముట్టుకోకు" అని పెద్దదానికి పదిసార్లు చెప్పి ఉంటాను.

అసలు భయమంతా చిన్నదాని గురించి. ఏడాదిన్నర పిల్ల, ఏది దొరికినా నోట్లోకే. అందుకే పనంతా టేబుల్ మీద పెట్టుకున్నాను. ముందు నేల చెక్క మీద గుమ్మం అతికించాను. బొమ్మలింటికిచ్చిన బుల్లి బల్బు వెలుగుతుందో లేదో చూసి, దాని రెండు బటన్ బ్యాటరీలనూ తీసి ఓ గుంటలో వేశాను. కుక్కర్ కూత పెడితే వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గుంటలో ఒకటే ఉంది. చిన్నది టేబుల్ అంచు పట్టుకుని నిలబడి ఉంది. గడ్డం నిండా చొంగ.

పళ్ళొస్తున్నాయి, రెండ్రోజులుగా చొంగ కారుస్తూనే ఉంది. అది తెలిసీ పరిగెత్తుకెళ్ళి దాన్ని ఎత్తుకున్నాను. ఆ బ్యాటరీ మింగితే గొంతు లోపల కాలిపోతుందని ఎక్కడో చదివాను. నోట్లో వేలు పెట్టి చూస్తే గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకి అత్తయ్యగారు పెరట్లోంచి వచ్చారు.

"బ్యాటరీ మింగేసిందేమోనండి, అత్తయ్యగారూ."

"మింగడం నువ్వు చూసేవా?"

"లేదండి."

"చూడకుండా ఏడుపెందుకమ్మాయ్? పద, రాజోలు ఆసుపత్రికి వెళ్ళిపోదాం. చెప్పులేసుకో."

మస్కట్‌లో ఉన్న మా ఆయనకి ఫోన్ చెయ్యలేదు. ఏమని చెప్పను? పెద్దదాన్ని కూడా ఎక్కించుకుని ఆటోలో బయల్దేరాం. నేను చిన్నదాని ఊపిరే వింటూ కూర్చున్నాను. "బొమ్మలిల్లు కడతానని అసలింటిని ఆసుపత్రికి తరలించేవు," అన్నారు అత్తయ్యగారు. నన్ను నవ్వించడానికే. నాకు ఏడుపొచ్చింది.

"తాగడానికి ఏమీ పట్టలేదు కదండీ?" అని డాక్టరుగారు అడిగారు.

"ఆయ్, ఏమీ పట్టలేదండి."

ఎక్స్‌రేలో సన్నటి పక్కటెముకలు కనబడ్డాయి. "గొంతులో లేదు, కడుపులోనూ లేదండి. మీ పాప మింగలేదు. ఇంట్లోనే వెతకండి."

ఇంటికొచ్చి మంచాలు జరిపి, మూలమూలా ఊడ్చాం. దొరకలేదు. ఇవాళ మింగనిది రేపు మింగొచ్చు కదా. ఆఖరికి టేబుల్ మీద చూస్తే, నేను నిటారుగా నిలబెట్టిన గుమ్మం ఓ పక్కకి ఒరిగి ఉంది. గడపకి పసుపు రాసి ఉంది. ఎత్తి చూశాను. కింద, ఇంకా ఆరని జిగురులో, బ్యాటరీ.

"ఎవరు పెట్టారే?"

పెద్దది తలుపు చాటు నుంచి వచ్చింది. నన్ను కాదు, వాళ్ళ నాన్నమ్మనే చూస్తూ చెప్పింది. "గుమ్మం కింద రూపాయి బిళ్ళ పెట్టాలి కదా నాన్నమ్మా. మన వీధిలో కొత్తింటికి గుమ్మం నిలబెట్టినప్పుడు పెట్టేరు. నువ్వే చూపించేవు."

అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నయం, ముహూర్తం పెట్టించమనలేదు."

"మరి అందరం అంత కంగారు పడుతుంటే చెప్పలేదేమే?"

"ముట్టుకోవద్దన్నావు కదమ్మా. కొడతావని."

అప్పుడు గుర్తొచ్చింది. ఆటోలో అది నా చున్నీ పట్టుకుని రెండుసార్లు "అమ్మా" అంది. రెండోసారి నేనే "నోర్ముయ్" అన్నాను.

బ్యాటరీలు రెండిటికీ టేపు చుట్టి పారేశాం. ఇప్పుడు పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. చిన్నది దగ్గితే ఇంకా ఉలిక్కిపడుతున్నాను. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది పెద్దదే. చెల్లెలికి ఏమైందోనని అందరం హడలిపోతుంటే, సంగతి తెలిసిన ఆ ఒక్కతీ నాకు భయపడి ఆసుపత్రి బెంచీ మీద నోరు మూసుకుని కూర్చుంది. రేపు చిన్నది నిజంగానే ఏదైనా మింగితే, అది చూసిన పెద్దది నా దగ్గరికి పరిగెత్తుకొస్తుందా?