నీలి కుందేలు పాట

మీ ఇంట్లో పిల్లల చేతిలో ఉన్న ఫోను ఈ క్షణాన ఏం చూపిస్తోందో మీకు తెలుసా? నాకు తెలియలేదు. దెయ్యాన్ని చూశానన్న ప్రతివాణ్ణీ సభల్లో నిలదీసిన మనిషిని. పట్టపగలు నా ఇంటి హాల్లో ఆరేళ్ళ మనవరాలు ఏం చూస్తోందో మాత్రం చూడలేదు.

మాది కర్ణాటకలోని సింధనూరు దగ్గర కాలువ కింద వరి సాగు. మనవరాలు చిన్నీ మా దగ్గరే ఉండి చదువుకుంటోంది. దానికో నీలి కుందేలు బొమ్మ ఉంది, పిల్లల కార్టూన్‌లోది. పొట్ట నొక్కితే పళ్ళు తోముకునే పాట పాడేది. ఆ పాట లేనిదే చిన్నీ బ్రష్షు పట్టేది కాదు.

ఆ కుందేలునే గొడ్డలి పట్టిన హంతకుణ్ణి చేసి ఎవరో సినిమా తీశారు. కార్టూన్ అయిపోగానే ఆ సినిమా ముక్కలు ఫోనులో వాటంతటవే వచ్చాయి. ఆ రోజు నుంచి చిన్నీ బొమ్మ ఉన్న గదిలో అడుగు పెట్టలేదు. అన్నం ముద్ద దిగడం లేదు. పసివాళ్ళు నమ్మిన ముఖాన్నే ఏరుకుని దానికి నెత్తురు పూయడం కళ కాదు, నమ్మకద్రోహం.

నా పద్ధతిలో నేను వైద్యం చేశాను. బొమ్మ వీపున స్క్రూ విప్పి, రెండు బ్యాటరీలు తీసి, లోపల ఉన్నది ఇంతేనని చూపించాను.

"అయితే ఇప్పుడది చచ్చిపోయిందా, తాతయ్యా?" అంది.

బ్యాటరీలు బల్ల సొరుగులో పడేశాను.

మా ఆవిడ ఆ కుందేలుకు మసితో మీసాలు దిద్ది, చేలో దిష్టిబొమ్మగా కట్టించింది. "భయపెట్టే మొహానికి ఇంట్లో ఏం పని? చేను కాస్తుందిలే. మీ తాతయ్య ఉపన్యాసాలకంటే నయం" అంది. దిష్టి మీద రెండు మాటలు అనబోయాను. చిన్నీ నవ్వింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం చిన్నీ కనబడలేదు. ఆ రోజు మా వైపు చేలకు వంతు నీళ్ళు, పిల్లకాలువ నిండుగా పారుతోంది. నడుమెత్తు వరిలో అది వంగితే తల కూడా కనబడదు. ఎంత పిలిచినా పలుకు లేదు. గట్టు వెంట ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెతికాను.

అప్పుడు పాట వినబడింది. పళ్ళు తోముకునే పాట.

అటు పరుగెత్తాను. దిష్టిబొమ్మ కిందే, పిల్లకాలువలో మెడలోతు నీళ్ళలో, గడ్డి పట్టుకుని చిన్నీ. అరిచి అరిచి గొంతు పోయింది. చేయందించి లాగాను. బతికింది. కుందేలు నిజంగా చచ్చిపోయిందో లేదో చూద్దామని వచ్చిందట.

బొమ్మను దించి చూశాను. స్క్రూ బిగించినట్టే ఉంది. లోపల ఖాళీ. తర్వాత ఇంటికెళ్ళి చూస్తే రెండు బ్యాటరీలూ సొరుగులోనే ఉన్నాయి. నా ఫోనూ ఇంట్లోనే ఉంది. భయంలో చెవులు మోసం చేస్తాయని వ్యాసాలు రాసినవాణ్ణే. కానీ పక్క చేనుకు నీళ్ళు కడుతున్న మల్లట్ ఊరి మనిషి యంకప్ప అప్పుడే చేలోకి వచ్చి, "ఏంది సార్, బొమ్మని గట్ల చూస్తున్నరు? పాట నాకు గూడ ఇనబడ్డది. మీ ఫోన్ల మోగుతుందనుకున్న" అన్నాడు.

దెయ్యమని నేను అనను. కారణం తెలియదని మాత్రం ఒప్పుకుంటాను. కుందేలు మీసాలతోనే ఇంటికి తిరిగొచ్చింది. చిన్నీ అడిగితే నా చేత్తోనే బ్యాటరీలు వేశాను. పొద్దున్నే ఆ పాట వినబడితే నా గుండె కుదుటపడుతోంది.

మీకు కారణం తోస్తే రాయండి. ముందు ఇది పక్కన పెట్టి లేవండి. పిల్లల పక్కన కూర్చుని, ఆ ఫోనులో ఏముందో మీ కళ్ళతో చూడండి.