పళ్లు గ్లాసులోనే ఉన్నాయి

ఒట్టు పెట్టడం మా ఇంట్లో తప్పు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించి ఒక్క మాట ఎక్కువ వద్దని మా నాన్న పెంచారు. పంజాగుట్టలో మా చర్చికి నేనొక పెద్దను. అయినా ఈ ఒక్కదానికి ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఇది జరిగింది. నాకే జరిగింది. కల కాదు... జ్వరం కాదు. నేను తాగను. పాన్ వేసుకోను. వక్కపలుకు కూడా నోట్లో పెట్టుకోను. ఈ చివరి మాట మాత్రం గుర్తుపెట్టుకోండి.

నాకు పెరూ దేశం వెళ్లాలని చాలా ఏళ్ల కోరిక. అక్కడ ఎత్తైన కొండల మీద ఇన్కా రాజుల కాలం నాటి రాతి గోడలున్నాయి. రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు, సిమెంటు లేదు. అయినా సందులో బ్లేడు దూరదంటారు. ఉద్యోగమంతా స్టోర్స్‌లో చేశాను. వస్తువు పక్కన వస్తువు సందు లేకుండా పేర్చడమంటే నాకు ప్రాణం. ఆ గోడలను ఒక్కసారి చేత్తో తడిమి చూడాలి. డాక్టరు కూడా చెప్పేశాడు, "వెళ్తే ఈ ఏడాదే వెళ్లండి. వచ్చే ఏడాది అంత ఎత్తుకు నేను ఒప్పుకోను" అని. మా ఆవిడ రాజమణికి మోకాళ్ల నొప్పులు. "మీరు వెళ్లి రండి. రాళ్లు చూడ్డానికి నేనెందుకు, ఫోటో చాలు" అంది.

అందుకని అమీర్‌పేటలో ప్రశాంతి దగ్గరికి వెళ్లాను. ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఆ అమ్మాయి చిన్న ట్రావెల్ ఆఫీసు నడుపుతోంది. కొద్ది రోజుల టూరు, గైడు ఉంటాడు, ఖర్చు తక్కువ. అయితే ఒక షరతు.

"విడి రూము ఉండదు అంకుల్. ఇద్దరికి ఒక రూము. పోయినసారి బ్యాచ్‌ల గురకల మీద కొట్టుకున్నరు. గందుకే ఇప్పుడు పార్ట్‌నర్లిద్దరు ముందుగాల ఇక్కడ లాడ్జిల ఒక రాత్రి పండాలె. పడిందంటే టికెట్. పడలేదంటే మీ సీటు వెయిటింగ్‌ల ఉన్నోళ్లకు. ఏమనుకోకుండ్రి."

ఏమీ అనుకోలేదు. నిజానికి ఆ పద్ధతి నాకు నచ్చింది.

నాకు జత పడ్డవాడు మల్లేశం. బోరబండ మనిషి. బస్సుల వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాడు. టూరు మీటింగులో నా పక్కనే కూర్చున్నాడు. ప్రశాంతి బొమ్మలు చూపిస్తూ ఏవేవో చెప్పింది. చచ్చిపోయిన రాజులను ఆ కాలంలో పూడ్చేవాళ్లు కాదట. మోకాళ్లు ఛాతీకి ఆనించి, కూర్చోబెట్టి, బట్టలు చుట్టి ఉంచేవాళ్లట. పండగొస్తే బయటికి తెచ్చి, ముందు తిండి పెట్టేవాళ్లట. ఆ కొండల్లో జనం ఇప్పటికీ ఒక ఆకు నములుతారట. బూడిద కలిపి బుగ్గన పెట్టుకుంటే ఎత్తుకు ఆయాసం రాదట, నోరు మొద్దుబారుతుందట. పాత శవాల్లో కొన్నింటికి పెదవుల మధ్య ఆ ఆకు ఇంకా ఉందట.

"ఆ ఆకు మాత్రం బ్యాగుల పెట్టుకొని రాకుండ్రి. మన దేశంల గది మత్తుమందు కిందికొస్తది, జైలే," అంది ప్రశాంతి.

మల్లేశం నా చెవి దగ్గర గొణిగాడు. "సచ్చినోళ్లకు దావత్ ఇచ్చెటోళ్లంట సార్! మా ఇంట్ల బతికున్న నాకే చాయ్ అడిగితె మొకం మాడ్చుకుంటరు."

నవ్వాను. మంచివాడే అనుకున్నాను.

లాడ్జి ఎస్.ఆర్. నగర్ వైపు సందులో ఉంది. పరీక్షలు రాయడానికి వచ్చిన పిల్లలు దిగే చోటు. గది తలుపు తీయగానే తడి బనీను వాసన... ఎన్నాళ్లుగానో ఆరని బనీను. మంచాల తలవైపు గోడ మీద నూనె మరకలు. ఎవరెవరి తలలో ఆనిన గుర్తులు, ఒకదాని మీద ఒకటి, నల్లగా, మెరుస్తూ. దిండు ఎత్తితే కింద ఎవరివో గోళ్ల ముక్కలు. బాత్రూంలో అరిగిపోయిన సబ్బు, దానికి అతుక్కున్న పొడవాటి వెంట్రుక. నీళ్లు కుమ్మరించాను. పోలేదు.

ఇంటి నుంచి తెచ్చుకున్న దుప్పటి పరిచాను. దిండుకు నా తువ్వాలు చుట్టాను. మంచం అంచుల వెంట ఫినాయిలు చల్లాను.

మల్లేశం నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. "ఏంది సార్, పండుకుందామనా? ఆపరేషన్ చేద్దామనా?"

"అలవాటండీ. ఏమనుకోకండి."

"నేనేమనుకుంట? జర నా మంచానికి సుత కొట్టుండ్రి."

ఆయన బిర్యానీ పొట్లం తెచ్చుకున్నాడు. మంచం మీదే తిన్నాడు. తరవాత బేసిన్ దగ్గర నిలబడి నోట్లో చెయ్యి పెట్టాడు. టక్... టక్... కింది వరస, పై వరస, రెండూ బయటికొచ్చాయి. కట్టుడు పళ్లు. సందుల్లో మెతుకులు. చిగుళ్ల రంగు ప్లాస్టిక్ మీద పసుప్పచ్చటి నూనె. చూపుడు వేలితో గీకి, ఆ వేలు లుంగీకి తుడుచుకున్నాడు. రెండు మంచాల మధ్య బల్ల మీద లాడ్జివాళ్ల గాజు గ్లాసు ఉంది. రేపు ఎవరో మంచినీళ్లు తాగే గ్లాసు. పళ్లు అందులో వేసి నీళ్లు పోశాడు. పెదవులు లోపలికి పోయి, ఇప్పుడు ఆయన ముఖం వేరే మనిషి ముఖంలా ఉంది.

"మీ పండ్లు మీయేనా సార్?" అన్నాడు, గాలి పోతున్న గొంతుతో.

"అన్నీ నావేనండీ."

"నసీబున్నోళ్లు. ఇంజన్ తీరుగ గా గోడలు ఎట్ల బిగించిన్రో... ఒక్కసారి చూసి సస్తె చాలు సార్ నాకు."

ఆ మాటకు నా అసహ్యం కొంత తగ్గింది. సర్దుకుపోవచ్చు అనుకున్నాను. లైటు ఆర్పాను. ఆయన గురక పెట్టడు, అది కూడా గమనించాను.

ఎప్పుడో మెలకువ వచ్చింది.

చీకటి. ఫ్యాను కిర్రుమంటోంది. దాని కింద ఇంకో చప్పుడు...

చవ్... చవ్... చవ్...

నమిలే చప్పుడు. గేదె నెమరు వేసినట్టు. తొందర లేదు. తడిగా, మెత్తగా... మధ్యలో చొల్లు లోపలికి పీల్చుకున్న జుర్రు. మళ్లీ చవ్... చవ్... బిర్యానీ ఇంకా మిగిలిందా, చీకట్లో తింటున్నాడా అని ఒళ్లు మండింది.

"మల్లేశం గారూ..."

ఆగింది.

కొంచెం సేపు ఫ్యాను ఒక్కటే. తరవాత మళ్లీ... చవ్... చవ్... ఈసారి మెత్తటి దాని అడుగున గట్టి చప్పుడు కూడా వినబడింది. పళ్ల మీద పళ్లు. కొరుక్కుని, రాసుకుని, మళ్లీ విడిపోతున్న పళ్లు.

పళ్లు...

అప్పుడు గుర్తొచ్చింది నాకు.

ఫోను వెతుక్కుని టార్చి వేశాను. ముందు బల్ల మీదికి. గ్లాసు ఉంది. నీళ్లున్నాయి. పళ్లు గ్లాసులోనే ఉన్నాయి, అడుగున పక్కకు ఒరిగి, కదలకుండా. నెమ్మదిగా... చాలా నెమ్మదిగా... వెలుతురు మల్లేశం ముఖం మీదికి తిప్పాను. వెల్లకిలా నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. లోపల ఒట్టి చిగుళ్లు. పెదవి కూడా కదలడం లేదు.

చవ్... చవ్... చవ్...

కిటికీ వైపు తల తిప్పాను. చప్పుడు కిటికీ వైపు వచ్చింది. తలుపు వైపు తిప్పాను. తలుపు వైపు వచ్చింది. ఎటు తిప్పితే అటు. అంత దగ్గరగా... చెవి పక్కన కూడా కాదు, ఇంకా దగ్గరగా. తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాను. ఇరవై మూడో కీర్తన మనసులో మొదలుపెట్టాను. సగంలో ఎక్కడో... మరి నిద్రపోయానో, ఏమైందో.

తెల్లారింది. కళ్లు తెరిచేసరికి మల్లేశం కుర్చీలో ఉన్నాడు. బూట్లు వేసుకున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. కుర్చీ తలుపుకు ఆనించి, నన్నే చూస్తున్నాడు.

"సార్... రాత్రంత ఏం నమిలిన్రు?"

"నేనా? చప్పుడు నేనూ విన్నాను. మీరేమో అనుకున్నాను."

"నేను లైటేసిన సార్. మీరు లేసి కూసున్నరు. మోకాళ్లు గిట్ల ఛాతికి పెట్టుకొని..." ఆయన చూపించబోయి ఆగిపోయాడు. "కండ్లు తెరిచే ఉన్నయి. నోరు ఆడుతనే ఉంది. సార్ సార్ అని పిలిస్తి. మీరు నా దిక్కు చూసిన్రు. కని నన్ను చూసినట్టు లేదు."

"లేదండీ, నేను పడుకునే ఉన్నాను. టార్చి వేసింది నేను..."

చెబుతున్నాను కానీ మాట తిన్నగా రావడం లేదు. నాలుక మొద్దుబారింది. ఎడమ బుగ్గ నాది కానట్టుంది. లోపల ఏదో ఉంది... ముద్దలా, వెచ్చగా.

బేసిన్‌కు పరుగెత్తి ఉమ్మాను.

ఆకుపచ్చటి పిప్పి. పీచుపీచుగా, చొల్లుతో తీగలు సాగుతూ. బూడిద వాసన. నాలుక కింద నుంచి, దవడ మూల నుంచి ఇంకా వస్తోంది. వేలు పెట్టి లాగాను. ఒక ఈనె... ఎంతసేపు లాగినా... వాంతి చేసుకున్నాను. ఆ వాంతి కూడా పచ్చగానే ఉంది.

వెనక నుంచి మల్లేశం గొంతు, పిల్లవాడి గొంతులా. "సార్... నా పండ్లు ఎవలు పెట్టుకున్నరు?"

గ్లాసు చేతిలో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. నీళ్లు పాచి రంగులో ఉన్నాయి. పళ్ల సందుల నిండా పచ్చటి పీచు.

నా నోరంతా తడుముకున్నాను. నా పళ్లు అన్నీ ఉన్నాయి. వాటి మీద ఇంకో జత ఎలా పడుతుంది? పట్టదు. కానీ కింది పెదవి లోపల ఒరుసుకుపోయి మంటగా ఉంది. అద్దంలో చూశాను. ప్లాస్టిక్ అంచు ఒత్తుకున్నట్టు వంపు తిరిగిన గీత.

లేక ఆయనే నేను నిద్రలో ఉండగా నా నోట్లో ఆ ముద్ద పెట్టాడా? ఆ వేలితో? ఎందుకు పెడతాడు? ఆయన చేతులు చూశాను. వేళ్లకు ఎక్కడా పచ్చ మరక లేదు.

అప్పుడే నా ఫోను మోగింది. ప్రశాంతి. స్పీకరు నొక్కాను.

"గుడ్ మార్నింగ్ అంకుల్! ఎట్ల నడిచింది? మల్లేశం అంకుల్‌తోని పడ్డదా? ఇయ్యాల టికెట్లు బుక్ చేస్తున్న. లేదంటే ఇప్పుడే చెప్పుండ్రి."

నిజం చెబితే సీటు పోతుంది. ఇంకో ఏడాది నాకు లేదు. చెప్పకపోతే... ఆ కొండల్లో ప్రతి రాత్రి ఒకే గది. మల్లేశం నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. పళ్లు లేని ఆ నోరు ఫోను దగ్గరికి వంచాడు.

"మస్తు నిద్రపట్టింది బిడ్డా. సార్ బంగారం. చెయ్యి బుకింగ్."

కట్ చేశాక అడిగాను, "అబద్ధం ఎందుకు చెప్పారండీ?"

"నాకు సుత పోవాలె సార్. ఇంకొకనితోని పండితె వాడు భయపడి లొల్లి చేస్తడు. మనకైతె ఎరికైంది గద." సంచి భుజాన వేసుకున్నాడు. "పండ్లు మాత్రం ఇగ నోట్లె పెట్టుకొనే పండుకుంట."

ఇంటికొచ్చి ఉప్పునీళ్లతో, వేప పుల్లతో, దొరికిన ప్రతిదానితో నోరు కడుక్కున్నాను. అలవాటు కొద్దీ అంతా డైరీలో రాసుకున్నాను, ఇప్పుడు తిరగేస్తే నాకే రోతగా ఉంటుంది. గోంగూర మానేశాను. మజ్జిగలో కరివేపాకు వచ్చినా పళ్లెం పక్కకు నెడుతున్నాను. రాజమణిని రోజూ పొద్దున్నే అడుగుతున్నాను, "రాత్రి ఏమైనా చప్పుడు విన్నావా?" అని. లేదంటోంది. వీసా వచ్చింది. వచ్చే నెలలో ప్రయాణం. నేనూ మల్లేశం, ఒకటే గది.

ఆ రాత్రి నమిలింది ఎవరో నాకు తెలియదు. నేనే అయితే, ఎవరి పళ్లతో నమిలానో తెలియదు. ఆ ఆకు అమీర్‌పేట సందులోకి ఎలా వచ్చిందో తెలియదు. వాంతి చేసుకున్నాను, చీదరించుకున్నాను, అన్నీ నిజమే. కానీ రాజమణికి చెప్పలేదు... మల్లేశానికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఆ ఆకు మాట ఎత్తినప్పుడల్లా... ఇదిగో, ఇప్పుడు కూడా...

నోట్లో నీళ్లూరుతున్నాయి.

ఛీ.