మా ఆయన రీలుకు నేను వేసిన నూనె

దారం మనిషి చెయ్యి కోస్తుందని నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టాను. సూది గుచ్చుకుంది, కత్తెర కోసుకుంది, దారం మాత్రం ఎప్పుడూ నా మాట వినేది. ఆ శనివారం పాలకాయతిప్ప ఇసుకలో మా ఆయన అరచేతిలోకి దారం దిగిపోవడం కళ్ళారా చూశాను. చూసి కూడా నమ్మలేదు.

మా ఆయన కాలవల మీద లస్కరుగా పనిచేశారు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్లు కాయడం. ఉద్యోగం దిగిపోయాక ఆయనకు మిగిలిన ఇష్టం గాలం ఒక్కటే. వెదురు గెడతో మొదలుపెట్టి, సముద్రపు చేప మీద మనసు పడి, గుడివాడలో ఒకాయన వాడి వదిలేసిన, గాలపు దారం చుట్టే రీలు తెచ్చుకున్నారు. దాన్ని ఎలా విప్పి శుభ్రం చెయ్యాలో ఆ పెద్దమనిషి ఒక కాగితం మీద వివరంగా రాసిచ్చాడు. ఆ కాగితం నెలల తరబడి ఈయన చొక్కా జేబులోనే ఉండిపోయింది. బందరులో శుక్లాలు తీయించుకున్నా దగ్గరి అక్షరాలు అలుక్కుపోతున్నాయనేవారు.

ఉప్పుగాలికి రీలు లోపల కరకరలాడటం మొదలైంది. ఒక పొద్దున దాన్నీ, కాగితాన్నీ తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టారు.

"చదువు, చూద్దాం."

"నేనాండీ?"

"మరి నేనా? ఏడాది నుంచీ పాస్టరమ్మగారి దగ్గర గుణింతాలు దిద్దుతున్నావుగా. నీ చదువు నమ్మి నా రీలు నీ చేతిలో పెడుతున్నా. పాడు చేశావో, నీ మిషను తీసుకెళ్ళి అమ్మేస్తా."

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా చేతికి ఒక కాగితం ఇచ్చి చదవమనడం అదే మొదటిసారి. కళ్ళు మసకబారాక కరెంటు బిల్లు కూడా నన్ను దాటుకుని పక్కింటికి పట్టుకెళ్ళేవారు. ఇందులో తప్పితే ఇంకో కాగితం నా దగ్గరికి రాదని నాకు తెలుసు.

కూడబలుక్కుంటూ చదివాను. పై మర తీసి దారపు కండె బయటికి లాగాలి. పిడి విప్పాలి. పక్క మూత తీయాలి. తీసినవి తీసిన వరసలోనే పెట్టుకోవాలి. స్టీలు పళ్ళెంలో గుండ్రంగా వరసపెట్టాను. లోపల ఉప్పూ, పాత గ్రీజూ కలిసి మాడిన పాకంలా ఉంది. కిరసనాయిల్లో పాత బ్రష్షు ముంచి పళ్ళచక్రాలు ఒక్కొక్కటీ తోమాను. జాకెట్టు పీలికలతో తుడిచాను. చక్రాల పళ్ళకు కందిగింజంత గ్రీజు రాశాను. తిరిగే చోటల్లా ఒక్కొక్క చుక్క కుట్టుమిషను నూనె. కాగితం చివర, పిడి బిగించి తిప్పి చూడాలని ఉంది.

అన్నీ బిగించబోతుంటే దారపు కండె తలలో మెత్తటి గుడ్డ బిళ్ళలు కనిపించాయి. బొత్తిగా ఎండిపోయి ఉన్నాయి. కాగితంలో వాటి మాట లేదు. ఎండిన చోట నూనె వెయ్యాలన్నది మిషను నాకు నేర్పిన పాఠం. బిళ్ళకు రెండేసి చుక్కలు వేశాను. దాహంగా ఉన్నట్టు పీల్చుకున్నాయి. ముచ్చటేసింది.

పిడి తిప్పితే చప్పుడే లేదు. ఆయన చెవి దగ్గర పెట్టుకుని, "ఓసి నీ! పిల్లి నడిచినట్టుందే," అన్నారు. శనివారం నన్ను కూడా తీసుకెళ్ళారు. తీరంలో కనిపించిన వాళ్ళందరికీ, "మా ఆవిడ చదివి చేసిందయ్యా," అని చూపించారు. నేను సిగ్గుపడి పక్కకు తిరిగాను.

రెండో విసురుకే చేప పట్టింది. ఎంతదో తెలియదు, మేము చూడనే లేదు. దారం పరుగెత్తింది. ఆయన కండె పైనున్న బ్రేకు మర బిగించారు. ఇంకా బిగించారు. అయినా కండె జర్రున తిరుగుతూనే ఉంది. దారం అయిపోవస్తోంది. ఆయన దాన్ని చేతికి ఒక చుట్టు చుట్టుకుని వెనక్కి లాగారు.

కేక కూడా వేయలేదు. "అబ్బే," అన్నారంతే, ఏదో పొరపాటు జరిగినట్టు. రెండు వేళ్ళ మొదట్లో తెల్లగా ఏదో కనిపించింది, తర్వాత ఎర్రగా అయిపోయింది. ఎవరో కత్తితో దారం కోశారు. పమిట చించి కట్టు కట్టింది నేనేనట. నాకు గుర్తు లేదు.

అవనిగడ్డలో కుట్లు వేస్తూ నర్సమ్మ అడిగింది. "కత్తి కోసుకుందా అమ్మా?"

"దారం అండీ."

"దారమా?" అని నన్నే చూసింది.

ఆటోలో వస్తూ ఆయన, "నాదే తప్పే. కళ్ళు ఆనక బ్రేకు సరిగ్గా బిగించినట్టు లేను," అన్నారు. నేను కూడా అంతే అనుకున్నాను.

ఇంటికొచ్చాక మాత్రల వేళలు రాసుకుందామని కాగితం వెతికాను. చర్చి క్యాలెండరు రోజుచీటీల వెనక, కరెంటు బిల్లుల వెనక రాసి రాసి నేర్చుకున్నదాన్ని. విడి కాగితం వెనక ఎప్పుడూ ఖాళీయే, అది నేను రాసుకోవడానికే అనుకునేదాన్ని. రీలు కాగితం దొరికింది. వెనక్కి తిప్పాను.

నిండా రాసి ఉంది.

మొదటి వాక్యమే: "కండె తలలోని బ్రేకు బిళ్ళలకు నూనె, గ్రీజు తగలకూడదు. జారిపోయి చేప ఆగదు."

మళ్ళీ చదివాను, నాకు రాని అక్షరం ఏదన్నా ఉందేమోనని. అన్నీ వచ్చినవే. గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆయన తప్పు తన మీద వేసుకుని నిద్రపోతున్నారు. కాగితం పొయ్యిలో పెడితే సరి. నా చదువు, నా మర్యాద అలాగే ఉంటాయి.

పొద్దున కాఫీ ఇచ్చి ఆ వెనకవైపు మొత్తం చదివి వినిపించాను. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"నువ్వు చదవకపోతే నాకు తెలిసేదే కాదు."

"తెలిసేది కాదండీ."

"నూనె తగిలితే ఏం చెయ్యాలో రాశాడా?"

"సబ్బునీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టాలట."

"మరి కడుగు," అన్నారు, కట్టు చెయ్యి గుండెల మీద పెట్టుకుని.

కడిగాను. బిళ్ళలు ఆరాక బిగించి, చేతికి తువ్వాలు చుట్టుకుని దారం లాగాను. కండె ఆగింది.

కుట్లు విప్పినా ఉంగరపు వేలు పూర్తిగా ముడుచుకోదు. అన్నం కలుపుకుంటే ఆ వేలి పక్కనుంచి నాలుగు మెతుకులు జారతాయి. నేను చూస్తూనే ఉంటాను. ఇప్పుడు మందుల చీటీ, కరెంటు బిల్లు, పెన్షను కాగితం, ఏదొచ్చినా ఆయన నా చేతికే ఇస్తున్నారు. ఆ చేత్తోనే. అది నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.