వెనక గుమ్మంలో నిలబడ్డ గురువు

ఫాదర్ శౌరయ్యగారు దివంగతులయ్యారు. ఈ వాక్యం రాయడానికే చెయ్యి రావడం లేదు. మొన్న సాయంత్రం ఇక్కడ సింగపూర్‌లో, రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు వదిలి వుడ్‌ల్యాండ్స్ వెళ్లే రైలెక్కుతుంటే ఊరి నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. "ఒరే, ఫాదరుగారు పోయార్రా. పొద్దున పూజ ముగించుకొని కుర్చీలో కూర్చున్నారంట, అంతే, మళ్లీ లేవలా" అన్నాడు. దుఃఖం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయం. "ఇక గుడిలో ఎట్లా కూర్చుంటారన్నా?" అన్నాను. "ఇదేం ప్రశ్నరా ఇప్పుడు!" అని విసుక్కున్నాడు అన్నయ్య.

ఆయన్ని ఎరగనివారికి నా ప్రశ్న వింతగానే తోచవచ్చు. పల్నాటి పల్లెల్లో విచారణ గుళ్లు, అంటే పారిష్ చర్చిలు తిరిగి, ఈస్టరుకు ముందు తపస్సు కాలంలో ధ్యాన ప్రసంగాలు చెప్పడమే జీవితవ్రతంగా స్వీకరించిన మిషనరీ ఆయన. ఆయన మా ఊరికి వచ్చేనాటికి మా గుడి పరిస్థితి ఇది: కొలిచే ప్రభువు ఒక్కడే, పుచ్చుకునే దివ్యసత్ప్రసాదం ఒక్కటే, కూర్చోవడం మాత్రం కులాన్ని బట్టి. బలిపీఠం దగ్గర పై వీధివాళ్లం మేము, గుమ్మం దగ్గర దిగువ పేటవాళ్లు. అట్లా కూర్చోమని ఎవరూ చెప్పేవారు కాదు గానీ అందరికీ తెలుసు.

తొలి సాయంత్రం ఆయన పీఠం వైపే వెళ్లలేదు. వెనక గుమ్మంలో నిలబడి ప్రసంగం మొదలుపెట్టారు. మైకు అవసరం లేని గంభీర కంఠం. ముందున్న మేమంతా మెడలు తిప్పి వినవలసి వచ్చింది. కాసేపటికి మా అమ్మ ఉండబట్టలేక, "ఫాదరుగారూ, మెడలు పట్టేస్తన్నయ్యి. కాస్త ముందుకు రండయ్యా" అంది.

"ముందే ఉన్నానమ్మా. మీరే ఇటు తిరిగి కూర్చోండి" అన్నారాయన.

గుడంతా గొల్లుమంది. అమ్మ మాత్రం నవ్వలేదు. అయినా ఆ ధ్యానాలు ముగిసేసరికి ముందేదో వెనకేదో తెలియకుండా జనం కలగాపులగమైపోయారు. ఏనాడూ మా ఇంటి గడప తొక్కని దిగువ పేట మరియమ్మ పక్కన, ఒకే చాప మీద అమ్మ జపమాల చెప్పడం నేను కళ్లారా చూశాను.

శౌరయ్యగారు కోపిష్టి. పొగిడితే ఒళ్లు మంట. ఊరి పెద్ద ఒకాయన "మీ వాక్కుతో మా విచారణకు నవజీవనం వచ్చిందండీ" అంటూ దండ వేయబోతే, దాన్ని లాక్కొని మరియమాత స్వరూపానికి వేసి వచ్చారు. "నేనుండగా ఎట్లా కూర్చున్నారన్నది లెక్కలోకి రాదు. నేను ఊరు దాటాక ఎట్లా కూర్చుంటారో, అదీ నా ప్రసంగం!" అని గదమాయించారు. అన్నట్టే, ఏదో ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా వచ్చి చూసేవారు. ఆ రాకకు జడిసే, సిగ్గు విడిచి చెబుతున్నాను, మా ఊరు ఇన్నేళ్లూ మళ్లీ పాత దారి పట్టలేదు.

కిందటేడు మేం పిలిస్తే సింగపూర్ వచ్చి, యీషున్‌లో ఒక హాల్లో ధ్యానాలు చెప్పారు. ముందు వరస కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు చూసి ఇవేమిటన్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి, ఇక్కడి యాసలోనే, "చోప్ చేశాం ఫాదర్. అంటే, ఆ సీట్ మాది అని. ఎవ్రీబడీ డూస్ లా!" అంది. ఆయన కళ్లవెంట నీళ్లొచ్చేట్టు నవ్వి, "మీ నాన్న ఊళ్లో ప్యాకెట్లు కూడా అక్కర్లేదే తల్లీ" అన్నారు. ఓవర్‌టైమ్ ముగించుకొని డార్మిటరీల నుంచి ఆలస్యంగా వచ్చిన మన తెలుగు కార్మికులు తలుపు దగ్గరే నిలబడిపోయారు. ఆయన తిన్నగా వెళ్లి వాళ్ల మధ్య నిలబడి మాట్లాడారు. ఆఫీసు ఉద్యోగాల కుటుంబాలవాళ్లం గొణుక్కుంటూ కుర్చీలు అటు తిప్పుకున్నాం.

మర్నాడు మా ఫ్లాట్‌లో కాఫీ తాగుతూ, "మీ అమ్మ ఇప్పుడు ఎక్కడ కూర్చుంటోందిరా?" అని అడిగారు. తెలియదన్నాను. "నాకదే బెంగరా. వీళ్లు మారి కూర్చున్నారో, నాకు జడిసి కూర్చున్నారో! ఈ వయసొచ్చినా తేల్చుకోలేకపోతున్నా" అన్నారు. ఆ వాగ్ధాటి కలిగిన మహామనిషి కంఠంలో దైన్యం నేను విన్నది అప్పుడే.

నిన్న, ఆయన కోరిక మేరకు, మా ఊరి గుడిలోనే అంత్యపూజ జరిగింది. ఫోన్‌లో లైవ్ పెట్టుకొని కూర్చున్నాను. ఖర్మ, కెమెరా అంతసేపూ పీఠం వైపే ఉంది, జనం కనబడనే లేదు. అయిపోయాక అన్నయ్యకు ఫోన్ చేశాను.

"కలిసే కూర్చున్నార్రా. పై వీధి, పేట అని లేదు. అమ్మ ఆ మరియమ్మను పట్టుకొని ఒకటే ఏడుపు" అన్నాడు.

గుండె కుదుటపడింది. అయినా ఆగలేక, "మరి వచ్చే ఆదివారం?" అన్నాను. అన్నయ్య పందిరి ఖర్చుల సంగతి ఎత్తాడు. "పోనీ, నువ్వెక్కడ కూర్చుంటావన్నా?"

"అమ్మనడిగి చెప్తాలేరా" అన్నాడు, యాభై దాటిన మనిషి.

గురువుగారూ, ప్రభువు సన్నిధిలో మీకు నిత్యవిశ్రాంతి కలగాలని మోకరిల్లి వేడుకుంటున్నాను. మీ వంటి వక్తలు మళ్లీ పుడతారేమో. మా మీద ఇంత బెంగ పెట్టుకొని, మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చి చూసేవారు మాత్రం ఇక దొరకరు. అమ్మ ఎక్కడ కూర్చుంటోందని మీరడిగిన ప్రశ్నకు జవాబు తెలుసుకుందామని, నిన్నటి నుంచి అమ్మకు ఫోన్ చేయబోతున్నాను. రింగు మొదలయ్యేలోగా పెట్టేస్తున్నాను.